తేనెటీగను పట్టిన ఈ ఈగ ఏది?

ప్రశ్న: మా కంది చేను గట్టు మీది రాతిపై కూర్చున్న పెద్ద ఈగ ఒకటి ఎగిరే తేనెటీగను గాలిలోనే పట్టుకొని, మళ్లీ అదే రాతిపై వాలింది. పైనుంచి తీసిన ఫొటో పంపుతున్నాను. ఇది కందిరీగా? జాతి ఏది, ఎక్కడ ఉంటుంది? చంపేయాలా?
– ఒక రైతు, దేవరకొండ, నల్లగొండ జిల్లా

జవాబు: కందిరీగకు నాలుగు రెక్కలుంటాయి, ఫొటోలోని దానికి రెండే ఉన్నాయి కనుక ఇది ఈగే. పెద్ద కళ్ల నడుమ నడినెత్తి గుంటపడి ఉండడం, ముఖం మీద మీసంలా ముతక వెంట్రుకల గుత్తి, కాళ్ల నిండా ముళ్లు కలిసి కనిపిస్తున్నందున, 7,000కు పైగా జాతులున్న అసిలిడే కుటుంబపు రాబర్ ఫ్లై అని నిస్సందేహంగా చెప్పవచ్చు. ఇది బలమైన ముట్టెతో పొడిచి ఎక్కించే లాలాజలం, పట్టిన పురుగును చచ్చుపడేట్టు చేసి లోపలి భాగాలను కరిగిస్తుంది. ఆ ద్రవాన్నే ఈగ పీల్చుకుంటుంది.

రెక్క కొసకు దగ్గరగా, ముందు అంచుకు దిగువన, ఈనెల మధ్య ఏర్పడే గదులు చాలా రాబర్ ఫ్లైలలో రెండే ఉంటాయి. మీ ఫొటోలో మూడు కనిపిస్తున్నాయి. పొట్ట కూడా కోసుగా సాగి ఉంది కాబట్టి దీన్ని ప్రోమాకస్ ప్రజాతిలో చేర్చవచ్చు. అంతకు మించి జాతి పేరు చెప్పాలంటే మగ ఈగ జననాంగాలను సూక్ష్మదర్శినిలో పరిశీలించాలి. రంగు చూసి జాతి పేరు తగిలించే అలవాటు ఇంటర్నెట్‌లో బాగా ఉంది గాని, ఒకే రంగు జాతులు అనేకం ఉన్నందున మేమా పని చేయడం లేదు.

మీ ప్రాంతపు ఎర్ర చెల్కల వంటి ఎండ బాగా తగిలే బయలు నేలలు, గట్లు, తుప్పలు దీనికి అనువైన చోట్లు. రాయి మీదనో ఎండుపుల్ల మీదనో కాపు కాసి, వేట దొరకగానే తరచుగా అక్కడికే తిరిగి వస్తుంది. ఒళ్లంతా బొచ్చుతో తుమ్మెదను పోలిన, లాఫ్రియా అనే మరో ప్రజాతి రాబర్ ఫ్లైలు కావాలంటే మాత్రం పుచ్చిన మానులున్న అడవిలో వెతకాలి, ఎందుకంటే వాటి పిల్ల పురుగులు ఆ కొయ్యలోనే పెరుగుతాయి.

ప్రోమాకస్ పిల్ల పురుగులు మట్టిలో పెరుగుతూ వేరు పురుగులను తింటాయని ఇతర దేశాల్లో నమోదైంది. వేరుశనగ వేసే రైతుకు వేరు పురుగు చేసే నష్టం తెలిసిందే కనుక, కొన్ని తేనెటీగలు పోయినా ఈ ఈగను చంపవలసిన అవసరం లేదు. అది మనుషుల జోలికి రాదు. చేత్తో పట్టుకుంటే మాత్రం నొప్పి పుట్టేలా పొడుస్తుంది.