ఇరవై బోర్డులకూ ఒకే ఐపీ వస్తోందన్న సమస్యకు

అన్నా, గార్లదిన్నె చీనీ తోటల్లో డ్రిప్ మోటార్లకు పెట్టిన 20 లినక్స్ బోర్డులూ (చిన్న కంప్యూటర్లు) ఒకే ఐపీ, అంటే నెట్‌వర్క్ అడ్రస్, కోసం కొట్టుకుంటున్నాయన్నారు. ఒక బోర్డును టేబుల్ మీద బూట్ చేసి, బాగుందని దాని కార్డునే ఇమేజ్‌గా, అంటే మిగతా కార్డుల్లోకి ఎక్కించే నకలుగా, తీసుంటారు. తప్పు అక్కడే జరిగింది.

ఏ రెండు బోర్డుల్లోనైనా వార్ ఫోల్డర్‌లోని లాగ్ కింద జర్నల్ ఫోల్డర్ తెరవండి. లోపల 32 అక్షరాల పేరు రెండింట్లోనూ అచ్చం ఒకటే ఉంటుంది. అదే మెషీన్ ఐడీ, మొదటి బూట్‌లో బోర్డు తనకు పెట్టుకునే గుర్తింపు. కార్డుతో పాటు అదీ కాపీ అయింది. నెట్‌వర్క్ చూసుకునే సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీ, ఐపీలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్‌కి చెప్పుకునే గుర్తు మామూలుగా దాన్నుంచే పుడుతుంది. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి)లో బోర్డును గుర్తుపట్టే హోస్ట్ కీలూ ఒకటే అయ్యుంటాయి, చూడండి. (నేనూ ఒకసారి ఇదే చేసి నాలుక్కరుచుకున్నా.)

ఇకపై ఇమేజ్, ఒక్కసారీ బూట్ చేయకుండా, నేరుగా బిల్డ్ (సాఫ్ట్‌వేర్‌ను కూర్చి తయారుచేసే దశ) నుంచే రావాలి. డేటా పార్టిషన్ (కార్డులో డేటా దాచే భాగం) ఖాళీగానే పంపండి. దాన్ని మౌంట్ చేసి (తెరిచి) చూస్తే, ఫైల్ సిస్టమ్ తనే పెట్టుకునే లాస్ట్ అండ్ ఫౌండ్ ఫోల్డర్ తప్ప ఇంకేమీ కనిపించకూడదు. వార్‌లో కావాల్సిన ఫోల్డర్లను సిస్టమ్‌డీ టెంప్‌ఫైల్స్ నియమాల్లో రాస్తే బూట్‌లో అవే తయారవుతాయి. మెషీన్ ఐడీ ఫైల్లో 'అన్‌ఇనిషియలైజ్డ్' అన్న ఒక్క ఇంగ్లీషు మాట ఉంచండి. ఖాళీ ఫైలు పెట్టినా కొత్త ఐడీ వస్తుంది గానీ, ఫస్ట్ బూట్ షరతు పెట్టిన (మొదటి బూట్‌లోనే నడవాల్సిన) సర్వీసులు నడవవు.

తోటల్లో ఇప్పటికే ఉన్న బోర్డులకు మెషీన్ ఐడీ ఫైలు ఖాళీ చేసి రీబూట్ చేయండి. డీబస్ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వ్యవస్థ) ఫోల్డర్‌లో పాత ఐడీ కాపీ ఉంటే అదీ తీసేయండి, లేకుంటే మళ్లీ అదే వస్తుంది. హోస్ట్ కీలు తుడిచేముందు, వాటిని తిరిగి పుట్టించే సర్వీసు ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే దూరం నుంచి లాగిన్ కాలేక, లాప్‌టాప్ పట్టుకుని తోట తోటా తిరగాల్సిందే.