విమానం ఎక్కబోయే మా పాపకు

పాపా,

మొన్న మీ అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను రోట్లో ఊరిబిండి నూరుతున్నాను. "పాపకు జర్మనీ వీసా వచ్చింది చిన్నత్తా, వచ్చే నెలే ప్రయాణం" అంది. చేతికి కారం ఉందన్న సంగతి మరిచిపోయి కళ్ళు తుడుచుకున్నాను. ఆ పొద్దు కారానికి ఏడ్చిందెంతో, నీ కోసం ఏడ్చిందెంతో ఇప్పటికీ తేలలేదు.

మన ఇంట్లో మొదట సముద్రం దాటింది నేను. మళ్ళీ 36 ఏళ్ళకు నువ్వు. నేను కువైట్‌కు ఖద్దామాగా పోయాను, అంటే ఒకరింట్లో గిన్నెలు కడిగి, వాళ్ళ పిల్లల్ని సాకే పనికి. నువ్వు ఆ దేశం భాషలో పరీక్ష పాసై, నర్సు ఉద్యోగం కాగితం చేతబట్టుకుని పోతున్నావు. వీధిలో ఎవరు పలకరించినా ఇదే చెప్తున్నాను. పలకరించని వాళ్ళను ఆపి మరీ చెప్తున్నాను. రాత్రయితే మాత్రం నిద్ర పట్టడం లేదు. ఫోన్‌లో చెబుదామంటే "సరే జేజీ, సరే జేజీ" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నా. కాగితాన్ని మధ్యలో కట్ చేయలేవు కదా.

అందరూ చెప్పే సంగతులు ముందు చెప్పేస్తాను. పాస్‌పోర్టు, వీసా, ఉద్యోగం కాగితాలకు జిరాక్సులు తీసి ఒక సెట్టు ఇంట్లో పెట్టిపో. ఎయిర్‌పోర్టులో మూడు గంటల ముందే ఉండు. పవర్ బ్యాంకు పెద్ద పెట్టెలో వేయనివ్వరు, చేతి సంచీలోనే ఉండాలి. ఊరగాయ దానికి తలకిందులు, పెద్ద పెట్టెలోనే పోవాలి, చేతి సంచీలో కనబడితే తీసి పారేస్తారు. ఎండు కొబ్బరి అసలే వద్దు, నూనె సరుకు, మంట అంటుకుంటుందని ఒప్పుకోరు. ఇవన్నీ నీకు తెలుసు. తెలుసని నాకూ తెలుసు.

మీ అమ్మకు తెలియనిది ఒకటుంది. నీకు కూర మసాలా దంచి ఇస్తానంటోంది. గసగసాలు లేకుండా మసాలా చేయడం ఆమెకు చేతకాదు. నువ్వేమో దుబాయ్‌లో విమానం మారాలి. గసగసాలు ఎక్కడివనుకున్నావు, నల్లమందు మొక్క గింజలు. మనకు అవి కోడికూరలోకి. దుబాయ్‌లో, సౌదీలో అయితే మత్తుమందు లెక్క, పట్టుబడితే జైలు. ఈ మాట చెబితే "చిటికెడే కదా చిన్నత్తా" అంది మీ అమ్మ. ఆ చిటికెడుకే నాకు మూడు రాత్రులు నిద్ర లేదు. నువ్వొక పని చెయ్యి. ఆమె సర్దిన పెట్టెను ఆమె నిద్రపోయాక మళ్ళీ విప్పి, ఒక్కో పొట్లం వాసన చూసుకో. ఇంకెవరైనా "మా వాడికి ఈ పొట్లం ఇయ్యి పాపా" అంటే తీసుకోవద్దు. అడిగింది నేనైనా సరే.

బెంగళూరుకు పోయే దారిలో మీ నాన్న గువ్వలచెరువులో కారు ఆపి పాలకోవా కొనకుండా ఉండడు. పాలతో చేసినవీ మాంసంతో చేసినవీ జర్మనీకి తేనివ్వరని నువ్వే చెప్పావు కదా. కారులోనే తినేయ్, నాన్నకు కూడా కొంచెం పెట్టు. నా భయం కోవా గురించి కాదు, ఆ కొండ ఘాటు రోడ్డు గురించి. మలుపులో లారీ ఒకటి అడ్డంగా నిలబడిందంటే ఇటు కడప వైపు, అటు రాయచోటి వైపు బండ్లు బారులు తీరతాయి. రాయచోటి, మదనపల్లె, చింతామణి మీదుగా దేవనహళ్ళి ఎయిర్‌పోర్టుకు ఆరు గంటలు చాలంటాడు మీ నాన్న. ఆయన లెక్కలో లారీ ఉండదు. విమానం తెల్లవారుజామునైతే ముందు రోజు మధ్యాహ్నమే బయలుదేరండి. నవ్వితే నవ్వనీ. విమానం తప్పిపోయిన మనిషి చెబుతోంది.

అవును, తప్పిపోయింది. ఈ సంగతి మీ నాన్నకు కూడా తెలీదు.

1989లో, శివరాత్రికి ముందర. చెనిక్కాయ పంట వరసగా పోయి అప్పులు పెరిగిపోతే ఏజెంటుకు డబ్బు కట్టి పాస్‌పోర్టు చేయించుకున్నాను. మద్రాసు నుంచి బొంబాయి పోయే రైలు మన కడప మీదుగానే పోతుంది, ఎక్కడా మారే పని లేదు, ఆ ప్రయాణంలో అదొక్కటే సుఖం. మేము ఆరుగురం ఆడోళ్ళం. మాలాంటి పనోళ్ళు దేశం దాటాలంటే పాస్‌పోర్టు మీద ఒక సర్కారు ముద్ర పడాలి. నాకు ఆ ముద్ర ఒకరోజు ఆలస్యమైంది. మిగతా ఐదుగురూ ముందు రోజే వెళ్ళిపోయారు. సహార్ ఎయిర్‌పోర్టు వాకిట్లో ఏజెంటు మనిషి నా చేతిలో కాగితాలు పెట్టి, "లోపల కూర్చో, పేరు పిలుస్తారు, పిలిస్తే లేచిపో" అని చెప్పి పోయాడు.

లోపల అంత వెలుతురు నేను పెళ్ళిపందిట్లో కూడా చూడలేదు. ఒక కుర్చీ చూసుకుని కూర్చున్నాను. ఒడిలో గుడ్డసంచీ, అందులో రెండు చీరలు, మా అమ్మ కట్టిచ్చిన బొరుగుల ఉండలు. కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నాను, ఎవరో వచ్చి లేపేస్తారన్నట్టు. దాహమేసింది, లేవలేదు. మైకులో హిందీ, ఇంగ్లీషు, ఒకదాని తర్వాత ఒకటి. నాకు రెండూ రావు. నా పేరు వస్తుందా అని చెవులు రిక్కించి కూర్చున్నాను.

నా పేరు రాలేదు. మీ చిన్నబ్బ పేరు వచ్చింది.

నా పాస్‌పోర్టులో మన ఇంటిపేరు ముందు, నా పేరు మధ్యలో, ఆయన పేరు చివర. చివర ఏ పేరుంటే దాంతోనే మనిషిని పిలుస్తారని నాకెవరు చెప్పారు? ఆ రోజుల్లో మేము మొగుడి పేరు నోటితో పలికేవాళ్ళం కాదు. జనాభా లెక్కలకు వచ్చిన అయ్యవారు అడిగితే పక్కింటామెతో చెప్పించేవాళ్ళం. ఇప్పుడు కూడా చూడు, రాయకుండా ఎట్లా తప్పించుకుంటున్నానో. అట్లాంటి పేరు, అంత పెద్ద మైకులో, అంతమంది మగోళ్ళ మధ్యన! సిగ్గుతో చెవులు కాలిపోయాయి. కాసేపటికి నవ్వొచ్చింది. బొంబాయిలో కూడా ఈ పేరుగలాయన ఉన్నాడే అనుకున్నాను. రెండోసారి పిలిచారు. ఆయన ఎందుకు లేవడం లేదో అని తల తిప్పి అటూ ఇటూ వెతికాను. మూడోసారి పిలిచేటప్పటికి ఆ మనిషి మీద కోపం వచ్చింది. విమానం పోతుంటే ఇదేం నిద్రరా నాయనా అని.

విమానం పోయింది. పోయిందని కూడా నాకు తెలీదు. రాత్రి ఊడ్చే ఆమె వచ్చి కాళ్ళు ఎత్తమని సైగ చేసి, నా చేతిలో చీటీ చూసి, చీపురు కిందపెట్టి నొసలు కొట్టుకుంది. ఆమెకు నేను ఇంతవరకూ దణ్ణం పెట్టలేదు. ఆ తర్వాత పోలీసులు, అరుపులు, పాస్‌పోర్టు మీద వేసిన ముద్రను మళ్ళీ కొట్టేయడం. ఏజెంటు గదిలో నాలుగు రోజులున్నాను. కొత్త టికెట్టు, ఆ నాలుగు రోజుల తిండి నా అప్పులో రాసుకున్నారు. జీతం నెలకు 25 దినార్లు. మొదటి మూడు నెలలది నా చేతికి రాలేదు. ఇంటికి ఉత్తరం రాస్తూ "ముద్ర ఆలస్యమైంది" అని రాశాను. మీ చిన్నబ్బకు పోయేదాకా అదే తెలుసు. ఆయన పేరు పెట్టి మూడుసార్లు పిలిస్తే నేను లేవలేదని ఆయనకు ఏ మొహం పెట్టుకుని చెప్పను?

అందుకే, పాపా, నీ టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందో లేదో అక్షరం అక్షరం ఇప్పుడే చూసుకో. జర్మనీలో ఫ్రావ్ అని చేర్చి ఇంటిపేరుతో పిలుస్తారన్నావు కదా. మన ఇంటిపేరు వాళ్ళ నాలుక మీద ఏమైపోతుందో దేవుడికే తెలియాలి. ఎన్ని వంకరలు తిప్పొచ్చో అన్నీ తిప్పి పలకమని మీ తమ్ముడికి చెప్పు, దేనికైనా లేచి నిలబడేటట్టు అలవాటు చేసుకో. ఆట అనుకో, కానీ చెయ్యి. పైగా ఇప్పుడు చాలా ఎయిర్‌పోర్టుల్లో మైకులో పిలవడం తగ్గించేశారు, బోర్డు చూసుకోవాలి. గేటు నంబరు చివర్లో మారినా మారొచ్చు. చెవుల్లో ఆ వైర్లు పెట్టుకుని పాటలు వింటూ కూర్చున్నావంటే నీ వీపు చీరేస్తా. అర్థం కాకపోతే ఊడ్చే ఆమెనైనా అడుగు.

ఎక్కాక ఏముంది, ఏమీ లేదు. పైకి లేచేటప్పుడు చెవులు దిబ్బడేస్తాయి, ఏదైనా చప్పరించు. బెల్టు విప్పడం రాక నేను కువైట్ దాకా నాలుగు గంటలు అట్లనే బిగపట్టుకుని కూర్చున్నాను, నీళ్ళు కూడా తాగలేదు. కిటికీలో బొంబాయి దీపాలు కనబడ్డాయి. మన ఊరు ఎటువైపో తెలీక, అన్ని వైపులా చూశాను.

ఇంకో విమానం సంగతి చెప్పాలి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. ఎండాకాలం సెలవులని నేను పనిచేసే ఇంటివాళ్ళు వేరే దేశంలో ఉన్నారు, నన్ను ఇంటికి కాపలా పెట్టి. మనోళ్ళందరం కలిసి బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు చేరాం. ఎడారిలో డేరాలు, నీళ్ళకు బారులు. అక్కడి నుంచి అమ్మాన్‌కు. అమ్మాన్ నుంచి బొంబాయికి ఎయిర్ ఇండియా వాళ్ళు రెండు నెలల్లో 488 సార్లు విమానాలు తిప్పి 1,70,000 మందికి పైగా మనోళ్ళను ఇల్లు చేర్చారని మీ నాన్న ఎక్కడో చదివి చెప్పాడు. నాకు ఆ లెక్కలు తెలీవు. నాకు తెలిసింది ఒక్కటే, జాబితా చదివే మనిషి నోటి వంక చూస్తూ నిలబడడం. మన ఇంటిపేరులో మొదటి అక్షరం వినబడగానే చెయ్యెత్తాను. అందరూ అట్లనే ఎత్తుతుంటారేమో, ఆయన నమ్మలేదు. "పూర్తి పేరు చెప్పు" అన్నాడు హిందీలో. అప్పటికి ఆ ముక్క అర్థమయ్యేది. చెప్పాను. ఇంటిపేరు, నా పేరు, మీ చిన్నబ్బ పేరు. గట్టిగా, అంతమందీ వినేటట్టు. పెళ్ళయిన 17 ఏళ్ళకు అదే మొదటిసారి. వెనక ఉన్న రాజంపేట ఆమె "అయ్యో, మొగుడి పేరు!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె వంతు వచ్చినప్పుడు ఆమె కూడా చెప్పింది.

యుద్ధం అయ్యాక మళ్ళీ పోయి పదకొండేళ్ళు చేశాను. ఆ ఇంట్లో ఎవరూ నన్ను పేరుతో పిలవలేదు. అదంతా నీకెందుకులే. నిన్ను పిలుస్తారు, పేరు రాసిన బిళ్ళ కూడా చొక్కాకు పెట్టుకుంటావంట. ఫోటో పంపు.

ఆఖరుసారి విమానం ఎక్కింది పోయిన ఏడాది, కంటి ఆపరేషన్‌కు మీ నాన్నతో హైదరాబాద్ పోయినప్పుడు. బొంబాయి పోయి ఎక్కాల్సిన విమానం మన కడపకే వచ్చి నిలబడింది చూడు. 2015లో ఆ ఎయిర్‌పోర్టు కొత్త బిల్డింగు తెరిచినప్పుడు మీ చిన్నబ్బ చూసిరావాలని ఒకటే గోల, ఏదో ఒకటి అడ్డం వచ్చింది. చిన్న విమానం, రెక్కలకు ఫ్యాన్లు తిరిగేది, నడుచుకుంటూ పోయి నాలుగు మెట్లు ఎక్కితే లోపలున్నాం. బెల్టు నేనే పెట్టుకున్నా, నేనే విప్పుకున్నా. పాలకొండలు పైనుంచి చూస్తే ఎండబెట్టిన వడియాల మాదిరి ఉన్నాయి.

ఎక్కేముందు ఒక పిల్ల, నీ వయసే ఉంటుంది, నా చీటీ తీసుకుని పైకి చదివింది. మిసెస్ అని, తర్వాత మీ చిన్నబ్బ పేరు. ఆయన పోయి ఆరేళ్ళు. మీ నాన్నకు ఆయన చిన్నాయన, నీకు చిన్నబ్బ, ఊళ్ళోవాళ్ళకు పెద్దాయన. ఆ పేరు ఇంట్లో పలికేవాళ్ళే లేరు. "ఉన్నానమ్మా" అన్నాను. ఎదురుగా నిలబడి ఉన్నానంటావేంటి అని మీ నాన్న ఎగతాళి చేశాడు. ఆ చీటీ నా కళ్ళజోడు డబ్బాలో ఉంది.

ఘాటు దాటగానే ఒకసారి, దేవనహళ్ళిలో లోపలికి పోయేముందు ఒకసారి, దుబాయ్‌లో దిగాక ఒకసారి ఫోన్ చెయ్యి. రాత్రి రెండైనా ఎత్తుతాను. మసాలా పెట్టె విప్పి చూశావా?

మీ చిన్నజేజి