ప్రశ్న మీది, జవాబు మాది: ఎబెర్రాన్ పుస్తకం కొనాలా, వద్దా?

ప్రశ్న: ఆబిడ్స్‌ల ఆదివారం పాత పుస్తకాల దగ్గర 2004 నాటి ఎబెర్రాన్ క్యాంపెయిన్ సెట్టింగ్ (ఆట నడిపే కల్పిత లోకం పుస్తకం) కనపడ్డది. మేం ఆడేది పాచికలేస్తూ పాత్రలు పోషించే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట, ఐదో ఎడిషన్. కొంటే పైసలు దండుగేనా?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: దండుగ కాదు. ఎబెర్రాన్‌లో కాలం కదలదు, అదే దాని సుగుణం. పాత పుస్తకంలోనూ, ఐదో ఎడిషన్ కోసం 2019లో వచ్చిన 'రైజింగ్ ఫ్రం ది లాస్ట్ వార్'లోనూ ఆట మొదలయ్యేది ఆ లోకపు 998వ సంవత్సరంలోనే. 996లో త్రోన్‌హోల్డ్ సంధితో 'లాస్ట్ వార్' అనే పెద్ద యుద్ధం ఆగి రెండేళ్లే అయింది. అందుకని రాజ్యాలు, పట్టణాలు, పాత పగలు అన్నీ ఇప్పటికీ చెల్లుతాయి. ఇదే ఆటలోని మరో లోకం ఫర్గాటెన్ రెల్మ్స్‌ది అలా కాదు. 2001 పుస్తకం ఆ లోకపు లెక్కలో 1372లో ఉంటే, 2008 పుస్తకం ఒక్క గంతున 1479కి పోయింది. పాతది పట్టుకుని కొత్త కథ నడపబోతే అడుగడుగునా తకరారే.

చెల్లనివి అంకెలు. 2004 పుస్తకం వాడే పాత 3.5 రూల్స్‌లో లెవెల్ పెరిగేకొద్దీ ఎటాక్ బోనస్ (దెబ్బ తగలడానికి పాచికకు కలిపే అంకె) ఎగబాకుతూనే ఉంటుంది. ఐదో ఎడిషన్‌లో అలా కలిపే ప్రొఫిషియెన్సీ బోనస్ మొదటి లెవెల్‌లో +2, ఇరవయ్యో లెవెల్‌కు వచ్చినా +6 మాత్రమే. పాత పుస్తకంలోని పెద్ద ప్రాణిని ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన అంకె)తో సహా దించుకుంటే మీవాళ్ల దెబ్బలు తగలవు. దాని పేరు, గుణం, ఉండే చోటు తీసుకోండి. అంకెలు మాత్రం మీ లెవెల్‌కు సరిపోయే ఐదో ఎడిషన్ ప్రాణివి పెట్టండి.

ప్రశ్న: 2019 పుస్తకం 320 పేజీలు. అందులో ఆటలో నిజంగా పనికొచ్చేదెంత?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: క్యారెక్టర్లు తయారుచేసుకునే మొదటి అధ్యాయంలో ఛేంజ్‌లింగ్, కలష్టార్, షిఫ్టర్, వార్‌ఫోర్జ్డ్ జాతులు, 12 డ్రాగన్‌మార్కులు (మంత్రశక్తినిచ్చే ఒంటి మీది గుర్తులు) ఉన్నాయి. వాటి గురించి అందరూ మాట్లాడతారు గానీ, ఒకసారి క్యారెక్టర్ రాసుకున్నాక ఆ పేజీలు మళ్లీ తెరవరు. అదే అధ్యాయం చివర ఉన్న గ్రూప్ పేట్రన్స్ (గుంపుకు పని ఇచ్చే సంస్థలు) భాగాన్ని చాలామంది దాటేస్తారు. మా లెక్కలో పుస్తకం ధరలో సగం అక్కడే వసూలవుతుంది. ఐదుగురు అపరిచితులు సత్రంలో కలిసి, ఏ కారణమూ లేకుండా ఒకరి వెంట ఒకరు నడవడం ప్రతి కొత్త క్యాంపెయిన్‌కూ ఉన్న జబ్బు. ఇక్కడ ఆ ఐదుగురూ మొదటి నుంచే ఒక పత్రికకో, విశ్వవిద్యాలయానికో, డిటెక్టివ్ సంస్థకో, దొంగల ముఠాకో పనిచేస్తుంటారు. పత్రికను ఎంచుకున్నారనుకోండి, ప్రతివారం ఎడిటర్ ఒక పని చెబుతాడు, కథ నడిపే గేమ్ మాస్టర్‌కు తలనొప్పి తప్పుతుంది.

తర్వాత షార్న్ నగరం. ఆకాశాన్నంటే గోపురాలు, వాటి మధ్య వంతెనలు. ఇక్కడే ఆటలు తెల్లారేది కూడా. పడితే ప్రతి 10 అడుగులకు ఒక డీ6 (ఆరు ముఖాల పాచిక) దెబ్బ, గరిష్ఠం 20 పాచికలు. అంటే 200 అడుగుల నుంచి జారితే సగటున 70 పాయింట్లు. మొదటి లెవెల్ మనిషికి ఉండే ప్రాణం పది పాయింట్లు అటూ ఇటూ. కాబట్టి వంతెన మీద కొట్లాట పెట్టే ముందు తలా ఒక ఫెదర్ టోకెన్ (పడేటప్పుడు మెల్లగా దించే మంత్రపు వస్తువు) ఇవ్వండి, లేదా పది ఇరవై అడుగుల కింద ఇంకో వంతెన ఉందనండి.

ఆ లోకంలో 994లో సైర్ దేశం ఎందుకు నాశనమైందో పుస్తకం చెప్పదు. కావాలనే వదిలేశారు. ఇది లోపమని కొందరు గొణుగుతారు, మాకైతే నచ్చింది. కానీ గేమ్ మాస్టర్ మొదటి ఆటకు ముందే ఒక కారణం తేల్చుకుని కాగితం మీద రాసిపెట్టుకోవాలి. లేకుంటే మూడో వారం ఇచ్చిన ఆధారం పదో వారానికి అడ్డం తిరుగుతుంది.

బలహీనమైనది, కథ ఎక్కువగా నడిచే ఖోర్వైర్ ఖండం బయటి సంగతి. వేరే ఖండాలైన జెండ్రిక్, సర్లోనా గురించి పైపైనే ఉంది. సముద్రం దాటే కథ నడపాలనుకుంటే ఇది చాలదు.

ప్రశ్న: ఆర్టిఫిసర్ (మంత్ర వస్తువులు తయారుచేసే పాత్ర) క్లాస్ కోసమే కొనొచ్చా?
– జడ్చర్ల నుంచి

జవాబు: వద్దు. అదే క్లాస్ 2020లో 'టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్'లో మళ్లీ అచ్చయింది. అన్నట్టు, మీరు ఐదో ఎడిషన్ సవరించిన 2024 రూల్స్‌తో ఆడుతుంటే 2019 పుస్తకంలో జాతికి ఇచ్చిన ఎబిలిటీ స్కోర్ (బలం, తెలివి వంటి వాటి అంకె) పెంపు తీసుకోకండి. కొత్త రూల్స్‌లో అది బ్యాక్‌గ్రౌండ్ (క్యారెక్టర్ పూర్వ జీవితం) నుంచి వస్తుంది. రెండూ కలిపితే క్యారెక్టర్ మరీ బలిసిపోతుంది.

ప్రశ్న: మ్యాప్‌ల దూరం చూసి ప్రయాణానికి ఎన్ని రోజులో ఎట్ల చెప్పాలె?
– నల్లగొండ నుంచి

జవాబు: ఐదో ఎడిషన్ మొదటి, 2014 రూల్స్‌లో మామూలు నడక రోజుకు 24 మైళ్లు, అంటే దాదాపు 39 కిలోమీటర్లు. ఆ లెక్కన నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు మూడు రోజులు. ఊరు ఊరికీ మధ్య అంత దూరముంటే ఒక రాత్రయినా అడవిలో గడపక తప్పదు, మీకు కావలసిందీ అదే. తొందరగా నడిస్తే 30 మైళ్లు, కానీ పాసివ్ పర్‌సెప్షన్‌లో (చుట్టుపక్కల గమనించే అంకెలో) 5 తగ్గుతుంది. మెల్లగా నడిస్తే 18, అప్పుడు చాటుగా పోవచ్చు.

ప్రశ్న: పుస్తకం కొనకుండ మా కొల్లాపూర్ దిక్కునే ఒక లోకం తయారుచేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కొల్లాపూర్

జవాబు: చేతిలో సరుకు పెట్టుకుని అడుగుతున్నారు. శ్రీశైలం ముంపులో కృష్ణ కింద పోయిన ఊళ్లు, జటప్రోలులో విప్పి మళ్లీ కట్టిన గుళ్లు, నది అవతల నల్లమల. వెయ్యేళ్ల రాజవంశ చరిత్రతో మాత్రం మొదలుపెట్టకండి, దాన్ని ఎవరూ చదవరు. ఒక రేవు ఊరు, అందులో పడని మూడు వర్గాలు, ఒక రోజు నడకలో ఒక పాడు కోట, రచ్చబండ దగ్గర వినిపించే ఆరు పుకార్లు (రెండు అబద్ధాలు) ఒక్క కాగితం మీద రాయండి. నాలుగైదు వారాలు నడుస్తుంది. నీళ్లు తగ్గినప్పుడు మాత్రమే గుడి తలుపు బయటపడుతుందంటే గడువు దానంతటదే వస్తుంది. రాసింది అచ్చు వేయాలనుకుంటే, ఐదో ఎడిషన్ మూల రూల్స్ పత్రం 5.1 జనవరి 2023 నుంచి క్రియేటివ్ కామన్స్ కింద ఉంది. అందులో చెప్పినట్టు మూలాన్ని పేర్కొని వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. షార్న్, డ్రాగన్‌మార్కుల వంటి ఎబెర్రాన్ సొంత సరుకు అందులో లేదు, వాటిని ముట్టకండి.