నీళ్లు మాత్రం ఆపకు, అమ్మలూ

అమ్మలూ,

నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మీ ఆయన ఆఫీసు పని మీద దూరం వెళ్తున్నాడనీ, తిరిగొచ్చేదాకా బాబును నువ్వొక్కదానివే చూసుకుంటానన్నావనీ, తోడు ఎవరూ రానక్కర్లేదన్నావనీ. నీ ధైర్యం వింటుంటే నా మనసు ఉప్పొంగింది. ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది. ఏళ్ల తరబడి పిల్లల వార్డులో నర్సుగా చేసినదాన్ని కదా. నీళ్ల విరేచనాలు పట్టుకుంటే పొద్దున ఆడుకున్న చంటివాడు సాయంత్రానికి ఎలా వాడిపోతాడో నాకు తెలుసు. జలుబు, దగ్గు, దెబ్బల గురించి రాయను, అవన్నీ నువ్వు చూసుకోగలవు. ఒంట్లో నీరు తగ్గిపోవడం గురించి మాత్రం రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

పుట్టినప్పుడు బిడ్డ బరువులో నూటికి 75 వంతుల దాకా నీరే. ఏడాది వచ్చేసరికి కాస్త తగ్గినా, బరువుతో పోల్చి చూస్తే మనకంటే వాడికి రోజూ కావలసిన నీరు చాలా ఎక్కువ. పైగా దాహమేస్తే నోరు తెరిచి అడగలేడు, లేచి వెళ్లి తెచ్చుకోలేడు. వాంతులు, విరేచనాలే కాదు, జ్వరం వచ్చినా, ఊపిరి వేగంగా తీసుకుంటున్నా ఒంట్లో నీరు పోతూనే ఉంటుంది. అందుకే వాడికి ఏ జబ్బు చేసినా తాగుతున్నాడా, మూత్రం పోస్తున్నాడా అని ఒక కన్ను వేసి ఉంచు.

డైపర్ మార్చిన వేళలు ఒక కాగితం మీద రాసుకో. ఆరు గంటలపాటు డైపర్ తడవకపోతే డాక్టర్‌కి ఫోన్ చెయ్యాల్సిందే. విరేచనం నీళ్లలా అవుతున్నప్పుడు అందులో మూత్రం ఉందో లేదో తేల్చుకోవడం కష్టం. అప్పుడు మిగతా గుర్తులు చూడు. ఏడుస్తున్నా కన్నీళ్లు రాకపోవడం, నాలుక పిడచకట్టుకుపోవడం, కళ్లు లోతుకు పోవడం, నడినెత్తిన మాడు గుంటపడటం. కళ్ల విషయంలో అనుమానం వస్తే ఫోన్‌లో మొన్నటి ఫోటో తీసి పక్కన పెట్టి చూడు. తల్లి కంటికి తేడా కనిపించిందంటే వార్డులో మేం దాన్ని ఎప్పుడూ తేలిగ్గా తీసుకునేవాళ్లం కాదు. ఇంకొకటి, బొడ్డుకూ పక్కకూ మధ్య పొట్ట మీది చర్మాన్ని గోళ్లు తగలకుండా రెండు వేళ్లతో పట్టి, ఒక్క క్షణం ఎత్తి వదిలెయ్. వెంటనే సర్దుకోవాలి. నెమ్మదిగా సర్దుకుంటే నీరు తగ్గినట్టే. రెండు సెకన్లు దాటినా ముడత అలాగే నిలబడితే ఆస్పత్రికి బయల్దేరు. బొద్దుగా ఉండే పిల్లల్లో మాత్రం ఈ గుర్తు ఒక్కోసారి బయటపడదు. చర్మం బాగుంది కదా అని ఊరుకోవద్దు.

ఇప్పుడు అసలు సంగతి. మీ మావయ్యకు ఏడాదిన్నర వయసులో జరిగింది ఇది. మీ అమ్మ అప్పటికి పుట్టలేదు కాబట్టి నీకు చెప్పి ఉండదు. వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. లోపలికి పోస్తేనే కదా బయటికి వచ్చేది అని మా ఇంట్లో పెద్దలు నీళ్లు, పాలు అన్నీ ఆపేశారు. లంఖణం పరమౌషధం అన్న మాట మీద వాళ్లకు అంత గురి. ప్రేమ లేక కాదు, వాడి మంచం చుట్టూ రాత్రంతా మేలుకునే ఉన్నారు. మర్నాడు ఒళ్లు కడుగుతుంటే వాడు చెంబును రెండు చేతులతో పట్టుకుని నోరు పెట్టాడు. చెంబు లాగేసుకున్నారు. వాడు పెట్టిన ఏడుపు నాకు ఇప్పటికీ గుర్తే. నేను అప్పుడు చిన్నపిల్లను, అడ్డుచెప్పే వయసు కాదు.

మధ్యాహ్నానికి ఏడుపు ఆగింది. మాగన్నుగా పడుకున్నాడు. విరేచనాలు కూడా తగ్గినట్టు కనిపించాయి. ఇంట్లో అందరూ గండం గడిచిందనుకున్నారు. సాయంత్రం ఎవరో జాలిపడి చెంచాతో నీళ్లు పట్టబోతే వాడు నోరు తెరవలేదు. దాహం తీరిపోయిందిలే అన్నారు. చూడు అమ్మలూ, ఎంత తప్పుగా అర్థం చేసుకున్నారో! చెంబు కోసం ఎగబడినప్పుడు వాడి ఒంట్లో నీరు తగ్గిందన్నమాట, అప్పుడే పోయాల్సింది. చెంచా నోటి దగ్గరికి వచ్చినా తాగలేదంటే అప్పటికే వాడికి ప్రాణం మీదికి వచ్చింది. విరేచనాలు తగ్గింది నయమై కాదు, పోవడానికి ఒంట్లో నీరు మిగలక. చేతులు, కాళ్లు చల్లబడ్డాయని ఎవరో గమనించబట్టి ఆ రాత్రికి రాత్రే ఆస్పత్రికి ఎత్తుకెళ్లారు. సెలైన్ ఎక్కించి బతికించారు. నీ పెళ్లిలో అందరికంటే ఎక్కువగా నవ్వింది ఆ మావయ్యే.

ఆ తర్వాత వార్డులో అదే తప్పు మళ్లీ మళ్లీ చూశాను. చదువుకున్న ఇళ్లలో కూడా. "తాగిస్తే కక్కేస్తున్నాడండీ, అందుకే పొద్దుట్నుంచీ ఏమీ పట్టలేదు" అనేవాళ్లు. నువ్వూ రేపు అలాగే అనుకుంటావేమోనని నా భయం. వాంతి చూస్తే ఎవరికైనా చెయ్యి వెనక్కి పోతుంది. నీ చెయ్యి వెనక్కి పోకూడదు.

ఎందుకో చెబుతాను, కారణం తెలిస్తే ధైర్యం వస్తుంది. విరేచనాలు అవుతున్నా పేగు పని పూర్తిగా మానెయ్యదు. ఉప్పూ గ్లూకోజూ తగిన పాళ్లలో కలిసి వస్తే రెంటినీ కలిపి లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీరూ వెళ్తుంది. ఈ సంగతిని 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త బయటపెట్టాడు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ల శిబిరంలో, పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్‌లో, కలరా చెలరేగింది. సెలైన్ అయిపోతోంది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పెట్టించి, రోగుల పక్కన ఉన్న అమ్మలకూ అక్కలకూ కప్పులిచ్చి తాగించమన్నాడు. అక్కడ నూటికి 30 దాకా ఉన్న చావులు 4 కంటే తక్కువకు దిగాయి. తాగించింది సొంతవాళ్లేనమ్మా! ఆ పని నువ్వూ చెయ్యగలవు.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు, అంటే ఆ ఉప్పూ గ్లూకోజూ తగిన పాళ్లలో కలిపి అమ్మే పొడి, ముందే తెచ్చి పెట్టుకో. ప్యాకెట్ మీద ఎంత నీటిలో కలపమని ఉంటే, కాచి చల్లార్చిన అన్ని నీళ్లు కొలిచి, ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలుపు. సగం పొడి ఇప్పుడు, సగం రేపు అని కొసరు లెక్కలు వద్దు. చిక్కగా కలిపితే రక్తంలో ఉప్పు పెరిగిపోతుంది, పలచగా కలిపితే అక్కరకు రాదు. రుచి కోసం చక్కెర వెయ్యకు. కలిపింది 24 గంటలు దాటితే పారబొయ్. అట్టపెట్టెల్లో దొరికే తీపి పానీయాలు, కూల్ డ్రింకులు, పళ్లరసాలు దీనికి బదులు కావు. వాటిలోని తీపి పేగులోకి ఇంకా నీటిని లాగి విరేచనాలు పెంచుతుంది.

రెండేళ్లలోపు బిడ్డకు విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు పట్టాలి. గ్లాసుతో గబగబా కాదు, చెంచాతో. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టు, ఈసారి ఇంకా నెమ్మదిగా. 5 మిల్లీలీటర్ల చెంచా రెండు నిమిషాలకోసారి పట్టినా గంటకు 150 మిల్లీలీటర్లు లోపలికి వెళ్తాయి. మధ్యలో కాస్త కక్కినా అంతా పోదు. విసుగొస్తుంది, చెయ్యి లాగుతుంది, వాడు మొహం తిప్పుకుంటాడు. అయినా పట్టు. తల్లిపాలు ఆపకు. తినగలిగితే మామూలుగా తినే తిండి కూడా పెట్టు.

విరేచనాలు కట్టే మందు ఇంట్లో పెద్దవాళ్లది ఉందని వాడికి వెయ్యకు. ఎంత చిన్న ముక్కైనా సరే. జింకు మాత్రం డాక్టర్‌ని అడుగు. రోజుకు ఎంతో డాక్టరే చెబుతారు, 10 నుంచి 14 రోజులు ఇస్తారు. విరేచనాలు తగ్గాయని మధ్యలో మానెయ్యకు.

బిడ్డ నిద్ర లేపినా సరిగ్గా లేవకపోతే, తాగడానికి ఇష్టపడకపోతే, పట్టిందల్లా కక్కేస్తుంటే, విరేచనంలో రక్తం కనిపిస్తే, వాంతి ఆకుపచ్చగా ఉంటే, చేతులు కాళ్లు చల్లబడితే ఇంట్లో ఉండకు. దారిలో కూడా తాగగలిగితే చెంచాతో పడుతూనే వెళ్లు. నీ సంగతి నాకు తెలుసు. అర్ధరాత్రి ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని తెల్లారేదాకా పళ్ల బిగువున ఓర్చుకునే మనిషివి. నీ ఒంటికి బాగోలేనప్పుడు అలా ఓర్చుకో, వాడి విషయంలో వద్దు. రాత్రిపూట పిల్లల డాక్టర్ ఉండే ఆస్పత్రి ఏదో ఇప్పుడే కనుక్కో. ఎవరు తీసుకెళ్తారో పక్కింటివాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకో. తోడు అడిగినంత మాత్రాన నువ్వు చెయ్యలేనిదానివని ఎవరూ అనరు. అన్నా నేను ఒప్పుకోను తల్లీ, నీ చేతుల్లో వాడు ఎలా పెరుగుతున్నాడో చూస్తూనే ఉన్నాను.

ఇంకో పని ఉంది, దీన్ని వాయిదా వెయ్యకు. వాడు బాగున్నప్పుడే బరువు తూచి గోడ మీద క్యాలెండర్‌లో రాసి పెట్టు. నీరు కొంత తగ్గిన బిడ్డకు కిలోకు 75 మిల్లీలీటర్ల లెక్కన నాలుగు గంటల్లో ఎంత తాగించాలో డాక్టర్ నిర్ణయించేది ఆ బరువును బట్టే. జబ్బు చేశాక తూచితే ఎంత తగ్గాడో కూడా దాన్ని బట్టే తెలుస్తుంది. ఆదివారం ఫోన్ చేస్తాను, ఎన్ని కిలోలున్నాడో చెప్పు.

నీ పెద్దమ్మ