49 ఎర్రర్ వస్తే బోర్డు మార్చాల్సిందేనా?

ప్రశ్న: మా కాలేజీ ఆఫీసులో అందరికీ కలిపి ఒకటే హెచ్‌పీ లేజర్ ప్రింటర్. కొన్నాళ్లుగా '49 సర్వీస్ ఎర్రర్, ఆపి మళ్లీ ఆన్ చేయండి' అని చూపిస్తోంది. ఆపి మళ్లీ ఆన్ చేస్తే బాగానే లేస్తుంది, కాసేపటికి మళ్లీ అదే. మెకానిక్ చూసి బోర్డు పోయిందన్నాడు. ఆ డబ్బుకు ఇంకొంత కలిపితే కొత్తదే వస్తుంది. ఏం చేయమంటారు?
– కాలేజీ సూపరింటెండెంట్, హనుమకొండ

జవాబు: మేడమ్, బోర్డుకు అప్పుడే అడ్వాన్స్ ఇవ్వకండి. 49తో మొదలయ్యే ఎర్రర్ అంటే, ప్రింటర్ లోపలి సాఫ్ట్‌వేర్ తనకు మింగుడుపడని డేటా వచ్చి ఆగిపోయిందని. ఎక్కువసార్లు అది ఎవరో పంపిన ఒకే ఒక్క ఫైలు. మీరు స్విచ్ ఆపినా ఆ ఫైలు కంప్యూటర్ క్యూలో, అంటే ప్రింట్ కోసం ఎదురుచూసే ఫైళ్ల వరసలో, అలాగే ఉంటుంది. ప్రింటర్ లేవగానే మళ్లీ వచ్చి మీద పడుతుంది. మీకు మాత్రం మిషనే పాడైనట్టు కనిపిస్తుంది.

తేల్చుకోవడం తేలిక. ప్రింటర్ ఆపి, వెనకాల నెట్‌వర్క్ కేబుల్, యూఎస్‌బీ ఉంటే అదీ పీకేయండి. వైఫై ఉంటే అది కూడా ఆపండి. అర నిమిషం ఆగి ఆన్ చేసి, దాని మెనూలోంచే కాన్ఫిగరేషన్ పేజీ (ప్రింటర్ తన వివరాలు తనే అచ్చేసే కాగితం) కొట్టండి. పేజీ వచ్చి, ఒక గంటసేపు మిషన్ నిలబడితే తప్పు కేబుల్ అవతల ఉన్నట్టే. కేబుల్ లేకుండా కూడా 49 వస్తే అప్పుడు మీ మెకానిక్ మాట వినొచ్చు. అప్పుడైనా ముందు అదనంగా వేసిన మెమరీ కార్డు ఉంటే తీసి చూడమనండి.

తప్పు అవతలిదని తేలితే ఒక్కో కంప్యూటర్‌లో క్యూ ఖాళీ చేయాలి. మామూలుగా డిలీట్ కొడితే 'డిలీటింగ్' అంటూ కదలకుండా మొండికేస్తుంది. విండోస్ సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్‌ను (ఈ క్యూను నడిపేది అదే) ఆపి, సిస్టమ్32 లోపల స్పూల్, అందులో ప్రింటర్స్ అనే ఫోల్డర్ తెరిచి, అక్కడున్న ఫైళ్లు మాత్రమే తీసేయండి, ఫోల్డర్‌ను కాదు. తర్వాత స్పూలర్ మళ్లీ స్టార్ట్ చేయండి.

ఇక దొంగ ఫైలును పట్టుకోవాలి. ప్రింటర్ మీద ఒక కాగితం అతికించండి: టైము, కోడ్ మొత్తం (49 తర్వాత వచ్చే అంకెలతో సహా), ఎవరు, ఏ ఫైలు. సుబేదారిలో ఒక ఆఫీసులో ఇలాగే రాయిస్తే, ఎర్రర్ వచ్చిన ప్రతిసారీ పక్కన ఒకే పీడీఎఫ్ పేరు కనిపించింది. బయట డీటీపీలో చేయించిన తెలుగు సర్క్యులర్ అది. ఒక్కో పేజీ విడిగా కొట్టి చూశాం. మొదటి రెండూ హాయిగా వచ్చాయి, మూడో పేజీకి మిషన్ ఢమాల్. ఆ పేజీలో ఏదో ఫాంట్ దానికి పడలేదు. అడోబీ రీడర్ ప్రింట్ విండోలో 'అడ్వాన్స్‌డ్' నొక్కి, 'ప్రింట్ యాజ్ ఇమేజ్' టిక్ పెడితే అదే పేజీ బుద్ధిగా వచ్చేసింది. కాస్త నిదానంగా వస్తుంది, అంతే. అప్పటిదాకా అక్కడ ఒకరినొకరు అనుమానించుకున్నారు, అది వేరే కథ.

ఇన్ని చేసినా రకరకాల ఫైళ్లకు వస్తుంటే డ్రైవర్, అంటే ఫైలును ప్రింటర్ భాషలోకి మార్చే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్, మార్చి చూడండి. పోస్ట్‌స్క్రిప్ట్ రకం ఉంటే పీసీఎల్ 6 రకం వేయించండి. ఆ తర్వాత కంపెనీ సైట్ నుంచి ఫర్మ్‌వేర్ (ప్రింటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్. మబ్బు పట్టిన రోజు మాత్రం ఆ పని పెట్టుకోవద్దు. మధ్యలో కరెంటు పోతే అప్పుడు నిజంగానే బోర్డు మార్చాల్సి రావచ్చు.

ప్రశ్న: మిర్చి సీజన్‌లో తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం చీటీలు) కొట్టేటప్పుడే మా లేజర్ ప్రింటర్‌కు 50 ఫ్యూజర్ ఎర్రర్ వస్తోంది. ఫ్యూజర్ మార్చినా పోలేదు.
– అడ్తి గుమస్తా, ఎనుమాముల

జవాబు: ప్రింటర్ ఇన్వర్టర్ మీద ఉందా? లేక కూలర్, కాంటా అన్నీ గుచ్చిన ఎక్స్‌టెన్షన్ బాక్సులోనా? పొడిని కాగితానికి కరిగించి అంటించేది ఫ్యూజరే. దాదాపు 200 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, అందుకు ఒక్కసారిగా బోలెడు కరెంటు లాగుతుంది. వోల్టేజీ పడిపోతే సమయానికి వేడెక్కలేక 50 చూపిస్తుంది. కొత్త ఫ్యూజర్ వేసినా కథ అదే. ప్రింటర్ ఆపి అరగంట చల్లారనిచ్చి, నేరుగా గోడ సాకెట్‌లో పెట్టి ఒకరోజు నడిపించండి. ప్లగ్ తీసి, గాలి జాలీల మీది మిర్చి దుమ్మును మెత్తని బ్రష్‌తో దులపండి. నోటితో ఊదారో, కళ్లు మీవే! కరెంటు పోయినా తక్‌పట్టీలు ఆగకూడదంటే ఇన్వర్టర్ మీదికి డాట్ మ్యాట్రిక్స్ (రిబ్బన్ మీద సూదులతో కొట్టే ప్రింటర్) మంచిది. దానికి హీటర్ ఉండదు, కార్బన్ పెడితే రైతుకూ మీకూ కాపీలు ఒకేసారి వస్తాయి.

ప్రశ్న: ఒక కంప్యూటర్‌కు పెట్టిన ప్రింటర్‌ను షేర్ చేశాం. మిగతా వాటిలో చివర '11బీ' అని ఉండే ఎర్రర్ వస్తోంది. విండోస్ లోపలి సెట్టింగుల చిట్టా, అదే రిజిస్ట్రీ, మారిస్తే పోతుందంటున్నారు, మార్చొచ్చా?
– జిరాక్స్ షాపు యజమాని, పరకాల

జవాబు: వద్దు. విండోస్ 2021 సెప్టెంబరు అప్‌డేట్‌తో షేర్డ్ ప్రింటర్లకు భద్రత బిగించారు. అప్పటినుంచే ఈ ఎర్రర్ మొదలైంది. రిజిస్ట్రీ చిట్కా ఆ తాళం తీసేయడమే. ముందు అన్ని కంప్యూటర్లనూ పూర్తిగా అప్‌డేట్ చేయండి. ప్రింటర్‌కు లాన్ పోర్టు ఉంటే షేరింగ్ గొడవే వద్దు, కేబుల్ నేరుగా రూటర్‌కు పెట్టి ప్రతి సిస్టమ్‌లో ఐపీతో (నెట్‌వర్క్‌లో ప్రింటర్‌కు ఉండే నంబరు) యాడ్ చేయండి. ఆ ఐపీని రూటర్‌లోనే ఫిక్స్ చేయించండి. లేదంటే కరెంటు పోయి వచ్చాక నంబరు మారిపోయి, ఎదురుగా వెలుగుతున్న ప్రింటర్‌నే కంప్యూటర్ 'ఆఫ్‌లైన్' అంటుంది.