కారు లేదని మొహమాటపడి ఆగిపోకండి

ప్రశ్న: హ్యూస్టన్ దగ్గర క్లియర్ లేక్‌లో ఎం.ఎస్. చదవడానికి వచ్చాను. కారు లేదు. హరికేన్ వచ్చి ఊరు ఖాళీ చేయమంటే నేనెలా వెళ్లాలి?

జవాబు: 2005 సెప్టెంబరులో రీటా హరికేన్ వచ్చినప్పుడు నేనూ కారు లేని విద్యార్థినే. అంతకుముందు వచ్చిన కత్రినా హరికేన్ న్యూ ఆర్లియన్స్‌ను ముంచి నెల తిరగలేదు. కారు లేక అక్కడే చిక్కుకుపోయిన వేలమందిని అందరూ టీవీలో చూశారు. ఆ భయంతో హ్యూస్టన్‌లో లక్షలమంది ఒకేసారి రోడ్డెక్కారు.

మా అపార్ట్‌మెంట్‌లో ఒక తెలుగు కుటుంబం కారులో సామాను సర్దుకుంటోంది. నేను బ్యాగు ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నానే గానీ, నోరు తెరిచి అడగలేకపోయాను. ఆ ఇంటావిడ వెనక సీట్లో పెట్టిన కుక్కరు, దుప్పట్ల మూట తీసి మళ్లీ ఇంట్లో పెట్టి వచ్చి, "ఎక్కు బాబూ" అన్నారు. నాలుగు గంటల డాలస్ దారి మాకు ఇరవై గంటలు పట్టింది. పెట్రోలు అయిపోతుందని ఏసీ ఆపేసి, తడి తువ్వాళ్లు మెడకు చుట్టుకున్నాం. ఆ ప్రయాణంలో ఎండదెబ్బకు, ప్రమాదాలకు ఎందరో చనిపోయారు. ఆవిడ నన్ను చూడకపోయి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకుంటాను.

తుఫానుల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. ఎవరు ఎప్పుడు ఖాళీ చేయాలో చెప్పడానికి ఇక్కడ జిప్ కోడ్‌ను (మన పిన్ కోడ్ లాంటిది) బట్టి కోస్టల్, ఏ, బి, సి అని మండలాలు (జోన్లు) చేశారు. మీది ఏదో ఈరోజే చూసుకోండి. తర్వాత 211 సహాయ నంబరుకు ఫోను చేసి, కారు లేదని చెప్పి 'స్టియర్' జాబితాలో (ఆపదలో సాయం కావాల్సినవారి కోసం టెక్సస్ రాష్ట్రం పెట్టిన జాబితా) పేరు రాయించండి. ఏటా మళ్లీ రాయించాలి. పేరు ఉన్నంత మాత్రాన బస్సు ఇంటి ముందుకు వస్తుందన్న హామీ లేదు, అందుకే ఎక్కడ ఎక్కాలో కూడా అడగండి. గాలులు ముదిరాక బస్సులు నడవవు. ఖాళీ చేయమన్న రోజే కదలండి. పాస్‌పోర్టు, ఐ-20 (విద్యార్థి వీసాకు కాలేజీ ఇచ్చిన పత్రం) తడవని సంచిలో ఒంటిమీదే ఉంచుకోండి.

కారున్నవారికీ ఒక మాట. రీటా అప్పుడు రోడ్డెక్కిన చాలామంది అసలు కదలనవసరం లేనివారు. మీ మండలాన్ని ఖాళీ చేయమనకపోతే ఇంట్లోనే ఉండండి, ఆ దారి తీరంలో ఉన్నవారికి కావాలి. వెళ్లాల్సివస్తే ఖాళీ సీటులో సామాను పెట్టే ముందు చుట్టుపక్కల విద్యార్థుల తలుపు తట్టండి. చూడవచ్చిన తల్లిదండ్రులను ఇంట్లో వదిలి పగలంతా ఆఫీసుకు వెళ్లే జంటలనూ, ఆ పెద్దవాళ్లను మీతో తీసుకెళ్లమంటారా అని అడగండి.

మీరు మాత్రం ఎవరో తలుపు తడతారని ఎదురుచూడకండి. "ఖాళీ చేయమంటే నన్నూ తీసుకెళతారా అండీ?" అని ఈ వారమే రెండు కుటుంబాలను అడిగి పెట్టుకోండి. ఒకరు ఆ రోజు ఊళ్లో లేకపోయినా రెండోవారు ఉంటారు.