చీర గార్డు, అద్దాలు లేని బండి
తమ్ముడూ, అద్దాలు, చీర గార్డు లేని సెకండ్ హ్యాండ్ బండి కొన్నానని, హన్మకొండ నుంచి కాజీపేటకు అమ్మను ఎక్కించుకుని పోవచ్చా అని అడిగావు. గార్డు పెట్టించేదాకా వద్దు. కొంగు చక్రంలో చిక్కిందంటే మనిషిని లాగేస్తుంది, నువ్వు బ్రేకు కొట్టే టైం కూడా ఉండదు. వెనక చక్రంలో సగమైనా కప్పే గార్డు, పట్టుకునే హ్యాండిల్, ఫుట్‌రెస్ట్ ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెప్తుంది. అద్దాలు కూడా రెండూ బిగించు. కాజీపేట బ్రిడ్జి మీద వెనకొచ్చే బస్సు కోసం మెడ తిప్పితే ముందున్న గుంత కనబడదు. చలానా టెన్షన్ పక్కన పెట్టు, అది చిన్న ఖర్చే. చైన్ కవర్ ఉందా? అదీ ఓసారి చూసుకో, మీ అమ్మగారు చీరే కడతారు కదా.